నోట్లో ఉసిరిముక్క

కృష్ణమోహన్ నోట్లో ఎండు ఉసిరిముక్క ఉంది. అరుగుదల కోసం కాదు. అరవకుండా ఉండటానికి.

అది అయిపోతే జేబులో ఇంకో పన్నెండు ఉన్నాయి. భార్య జయంతి చిన్న ప్లాస్టిక్ సంచిలో పోసి ఇచ్చింది.

మైదానంలో కూతురు శ్రుతి సాకర్ ఆడుతోంది. పదకొండో తరగతి. చొక్కా మీద నంబర్ పంతొమ్మిది.

అవతలి గీత పక్కన మడత కుర్చీల్లో తొమ్మిదిమంది కాలేజీ కోచ్‌లు. ఆట నచ్చిన పిల్లల్ని తమ టీముల్లోకి ఏరుకోవడానికి వచ్చారు.

శ్రుతి ముప్ఫై రెండు కాలేజీలకి ఈమెయిల్ రాసింది. ఒక్క పిలుపూ రాలేదు. కోచ్‌లు చూడటానికి వచ్చే ఆటల్లో ఈ ఏడాదికి ఇదే ఆఖరిది.

పొద్దున మోరిస్‌విల్‌లో ఇంటి ముందు కారెక్కగానే తండ్రి దగ్గర మాట తీసుకుంది.

"ఈసారి నో షౌటింగ్, నాన్నా. పేరెంట్ అరిస్తే కోచ్‌లు రాసుకుంటారు. ప్లేయర్ గురించి కాదు. పేరెంట్ గురించి."

"ఒక్కసారి కూడా వద్దా?"

"జీరో టైమ్స్."

"సరే నాన్నా," అన్నాడు కృష్ణమోహన్.

కిందటేడు ఇలా లేదు. ప్రతి ఆటా వీడియో తీశాడు. తీస్తున్నంతసేపూ అరిచాడు. ఆ డీవీడీలు టీములో అందరికీ పంచాడు కూడా.

ఈ ఏడు కెమెరా ఇంట్లోనే ఉంది.

సగం ఆట అయింది. ఎవరికీ గోల్ లేదు. తొమ్మిది కుర్చీల్లో అయిదు ఖాళీ అయ్యాయి.

రెండో సగం మొదలవుతుండగా నీలం టోపీ పెట్టుకున్న కోచ్ ఒకావిడ చుట్టూ తిరిగి తల్లిదండ్రుల వైపు వచ్చింది. చేతిలో ఆటగాళ్ళ పేర్ల పుస్తకం. సరిగ్గా కృష్ణమోహన్ పక్కన ఆగింది.

నానా అనే అమ్మాయి ఎవరని అడిగింది.

శ్రుతి టీము గోల్‌కీపర్ కేట్లిన్ వాళ్ళమ్మ పంపిన డీవీడీ చూసిందట. చూసినదేమో కీపర్ కోసం, కళ్ళు మాత్రం ఇంకో పిల్ల మీదే ఉండిపోయాయట. దూరం నుంచి తీసిన బొమ్మ కావడంతో నంబర్ కనపడలేదట. ఎవరో గంటసేపూ ఆ పేరే అరిచారు కాబట్టి పేరు మాత్రం గుర్తుందట.

అప్పుడే మైదానంలో శ్రుతి కిందపడింది. కృష్ణమోహన్ గుండె అటు వెళ్ళిపోయింది. శ్రుతి లేచేదాకా చెవులు పనిచెయ్యలేదు.

ఉసిరిముక్క బుగ్గలోకి నెట్టి, మా టీములో నానా అనే పేరుగలవాళ్ళు ఎవరూ లేరని మర్యాదగా చెప్పాడు.

ఆవిడ థాంక్స్ చెప్పింది. పుస్తకం ఇంకోసారి తిరగేసింది. అవతలికి వెళ్ళి కుర్చీ మడిచింది.

పాపం ఆ నానా ఎవరో అనుకున్నాడు కృష్ణమోహన్. వాళ్ళ నాన్న ఎంత సంతోషించేవాడో.

వాళ్ళ నాన్న.

నానా.

అతని దవడ ఆగిపోయింది.

గంటసేపూ అరిచింది తనే.

నీలం టోపీ పార్కింగ్ వైపు నడుస్తోంది. మైదానం చుట్టూ పరుగెత్తితే రెండు నిమిషాలు. ఆవిడ కారు ఒక్క నిమిషం దూరంలో ఉంది.

మైదానం మధ్యలో శ్రుతి కాళ్ళ దగ్గరికి బంతి వచ్చింది. ఆమె వెనకనుంచి అవతలి టీము పొడుగుపిల్ల దూసుకొస్తోంది. శ్రుతి చూడలేదు.

జీరో టైమ్స్.

"నాన్నా! వెనకాల!"

అంత గొంతు తనకుందని కృష్ణమోహన్‌కి కూడా తెలియదు. రిఫరీ తిరిగి చూశాడు. తల్లిదండ్రులంతా తిరిగి చూశారు.

శ్రుతి మాత్రం తిరగలేదు. చిన్నప్పటినుంచీ ఆ గొంతు వింటే ఏం చెయ్యాలో కాళ్ళకి తెలుసు. ఎడమకి ఒరిగింది. పొడుగుపిల్ల గాలిని తన్నుకుంటూ ముందుకు పోయింది. శ్రుతి ఇద్దర్ని దాటి కొట్టింది.

బంతి గోల్‌పోస్ట్ కమ్మీకి తగిలి బయటికి పోయింది.

పార్కింగ్ అంచున నీలం టోపీ ఆగింది.

కుర్చీ కింద పెట్టింది. పుస్తకం తెరిచి, నిలబడే ఏదో రాసుకుంది. తర్వాత కుర్చీ విప్పి మళ్ళీ కూర్చుంది. ఆట అయ్యేదాకా లేవలేదు.

తిరుగు ప్రయాణంలో శ్రుతి కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. హైవే ఎక్కాక ఇటు తిరిగింది.

"జీరోకి సరే అన్నావు."

"ఉసిరిముక్క మింగేశాను నాన్నా."

ఆమె నవ్వాపుకుంది. అయినా ఆ నవ్వు అద్దంలో అతనికి కనపడనే కనపడింది.

నీలం టోపీ సంగతి అతను చెప్పలేదు. మళ్ళీ ఆశపెట్టడం ఎందుకని ఊరుకున్నాడు.

మంగళవారం సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. జూన్‌లో తమ కాలేజీకి వచ్చి టీముతో రెండు రోజులు ఆడమని. కింద ఒక ఫారం, దాని మీద ఒక హెచ్చరిక. ఆటగాళ్ళే నింపాలి, తల్లిదండ్రులు కాదు.

శ్రుతి డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ పెట్టుకుంది. కృష్ణమోహన్ ఎదురుగా కూర్చున్నాడు, తెర కనపడని వైపు. జయంతి ఉసిరిముక్కల సంచి తెచ్చి అతని ముందు పెట్టింది. ఒకటి నోట్లో వేసుకున్నాడు.

పేరు, ఎత్తు, మార్కులు. శ్రుతి టకటకా కొట్టుకుంటూ పోయింది.

ఒక చోట ఆగింది.

"టీములో నిన్ను ఏమని పిలవాలి అని అడుగుతున్నారు," అంది.

కృష్ణమోహన్ ముక్క నములుతున్నాడు.

శ్రుతి కీబోర్డు మీదికి వంగింది. ఒక్కొక్క అక్షరమే కొట్టింది. మధ్యలో తలెత్తింది.

"నాన్నా, ఇందులో మధ్యన ఎన్‌లు ఒకటా, రెండా?"

అతను నోరు తెరవలేదు. రెండు వేళ్ళు చూపించాడు.