ఆరని గోడ

"మీరు నీళ్ళు పోస్తున్నది మీ గులాబీలకా, మా సెల్లార్‌కా?"

టైమ్‌కీపర్ ప్రహరీ మీదుగా మెడ సాచి అరిచాడు. చేతిలో ఉలి, మోచేతుల దాకా సిమెంటు. ఫ్యాక్టరీ నుంచి రిటైరైనా, వీధిలో అందరికీ ఆయన ఇంకా టైమ్‌కీపరే.

పక్కింటి మీసాలాయన నీళ్ళ పైపు కింద పడేశాడు. ఒక మాటంటే పది మాటలనే మనిషి, ఇవాళ నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు.

"మొక్కలన్నాక నీళ్ళు పొయ్యకపోతే ఎలా బావగారూ? భూమిలోకి ఇంకి మీ గోడలోకి వస్తున్నాయేమో. మీ పని మీరు కానివ్వండి. నా మొక్కల జోలికి మాత్రం రాకండి."

"కానివ్వడమేంటండీ! నెల నుంచి అదేగా చేస్తున్నది. పగులు చెక్కుతున్నాను, దుమ్ము దులుపుతున్నాను, చప్పున గట్టిపడే సిమెంటు కూరి అరచేత్తో నొక్కిపెడుతున్నాను. పొద్దున లేచి చూస్తే మళ్ళీ తడే!"

వంటింటి కిటికీలోంచి టైమ్‌కీపర్ భార్య తొంగిచూసింది.

"పోనీ పనివాళ్ళని పిలుద్దామండీ. ఇది మీ వల్ల అయ్యేలా లేదు."

పుండు మీద కారం చల్లినట్టయింది ఆయనకు.

"నేనుండగా పనివాళ్ళెందుకే? సొంతింటి గోడ కారకుండా ఆపలేనివాణ్ణి, ఇంకెందుకు పనికొస్తాను?"

ఆయనకున్న భయం అదే మరి. ఈ గోడ కూడా చేతకాదని తేలితే, ఆ ఇంట్లో కుర్చీ, బల్ల, బీరువా, వాటి పక్కన తనూ ఒక సామాను.

"ఇవాళ తాడో పేడో తేల్చేస్తాను" అన్నాడు. "హార్డ్‌వేర్ షాపాయన ఉపాయం చెప్పాడు. గోడ మీద ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగంచులా టేపు వేసెయ్యాలి. పొద్దున చూస్తే షీటు వెనక తడి ఉందంటే, గోడ ఇంకా కారుతున్నట్టు. వెనక పొడిగా ఉందంటే నా పని గెలిచినట్టు! బయట కనిపించే తడి ఉత్త గాలి చెమ్మ."

మీసాలాయన దగ్గాడు. వంటింటి కిటికీ మూసుకుంది.

సాయంత్రానికల్లా షీటు గోడెక్కింది. చెంచా వెనకవైపుతో టేపును రుద్ది రుద్ది అంటించాడు, గోరు దూరే సందు లేకుండా. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, ఆయన వేసిన టేపుకు సందే ఉండదు. ఆ రాత్రి మాత్రం పక్క మీద అటూ ఇటూ దొర్లి, తెల్లవారుజామున ఎప్పుడో నిద్రపోయాడు.

లేస్తూనే సెల్లార్ మెట్లు గబగబా దిగాడు. షీటు మీద నీళ్ళు ధారలు కట్టి ఉన్నాయి. కింది అంచున టేపు పీకి, చెయ్యి లోపలికి దూర్చాడు. పొడి! వేళ్ళకు సిమెంటు పౌడరు అంటింది. నమ్మలేక పాత పేపరు ముక్క పెట్టి అదిమాడు. పేపరు ఎలా వెళ్ళిందో అలాగే బయటికొచ్చింది.

"ఒసేయ్! గోడ ఆరిందే! ఆరిపోయింది!"

పైన ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడు.

ఆయన పొంగిపోయాడు. ఆ పొంగు ఉలి కడిగేదాకా ఉంది, తాపీ కడిగేదాకా ఉంది. సుత్తి తుడిచి సంచిలో పెట్టి, మూతి కట్టబోతుంటే చేతులు ఆడలేదు. రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలి? కుర్చీలో కూర్చుని గడియారం చూడాలి. ఉద్యోగమంతా ఊరివాళ్ళ టైము చూసినవాడికి, తన టైము గడవకపోవడాన్ని మించిన నరకం లేదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. ఆరిన గోడను చూస్తుంటే ఏడుపొచ్చింది.

నెత్తి మీద, బయట నేలకు ఆనుకుని ఉన్న వెంటిలేటర్‌లోంచి గుసగుసలు వినిపించాయి.

"ఎంత పని చేశావు చెల్లెమ్మా! షీటు వెనక పొయ్యమన్నాను కదా? ముందెందుకు పోశావు?" మీసాలాయన గొంతు.

"ఏం చెయ్యను అన్నయ్యగారూ? టేపులో గోరు దూరితేగా! చెంబెడు నీళ్ళు పట్టుకుని ఎంత గింజుకున్నానో. ఇక చేసేది లేక, రోజూ గోడ మీద కొట్టినట్టే షీటు మీద కొట్టి వచ్చేశాను. ఆయన పని అంత గట్టిది మరి." భార్య ముక్కు చీదింది. "ఈ గోడ పుణ్యమా అని ఆకలేస్తోందని అడిగి మరీ తింటున్నారు. మంచమెక్కితే గురక. ఇప్పుడు మళ్ళీ మనిషి ఏమైపోతారో!"

"నా గులాబీల సంగతి చెప్పమ్మా! పని లేకపోతే మళ్ళీ కత్తెర పట్టుకుని వాటి మీద పడతాడు. కిందటిసారి కత్తిరించిన కొమ్మలే ఇంకా చిగురెయ్యలేదు."

టైమ్‌కీపర్‌కు ఒళ్ళు మండిపోయింది. పైకెళ్ళి ఇద్దర్నీ కడిగెయ్యాలని మెట్ల దాకా వెళ్ళాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాక, 'ఆయన పని అంత గట్టిది మరి' అన్న మాట మళ్ళీ చెవిలో పడ్డట్టయింది.

వెనక్కి వచ్చాడు. సంచి మూతి విప్పి ఉలి బయటికి తీశాడు. తడిసిన షీటు పీకేసి, కొత్తది గోడకు ఆనించాడు.

"ఏమేవ్! తొందరపడి అరిచాను. మూలన ఇంకో పగులుంది, గోడ ఇంకా కారుతూనే ఉంది!" అని పైకి కేకేసి, షీటు పై అంచున చెంబు మూతి పట్టేంత సందు వదిలిపెట్టి, మిగతా చుట్టూ గట్టిగా టేపు అంటించాడు.