తోలేదెవరు?

సాలూరు ఘాట్‌లో వాన ముదిరితే, డ్రైవర్లు లేకుండా వాటంతటవే నడిచే బళ్లు దారి కనబడక ఎక్కడివక్కడ ఆగిపోతాయి. కిందటి వానల్లో అలా ఆగిన బండిలోనే గౌరీశు వరదపాలయ్యాడు. లాగడానికి ఇంకో బండి కదల్లేదు.

అందుకే షెడ్డులో మూలపడ్డ తాతలనాటి డీజిల్ లారీ చుట్టూ ఇంటిల్లిపాదీ చేరారు.

"ఇంజను అరిగిపోనాది, బోరు సెయ్యాల. పిస్టన్లు ఇప్పుడెక్కడా దొరకవు, పోత పోయించాల," అన్నాడు గౌరీశు తండ్రి ఎర్నాయుడు.

"ఎనక ఇనప తాడు గట్టిది కట్టాల నాన్నా. నిండు బండినైనా లాగీయాల," అన్నాడు గౌరీశు తమ్ముడు పైడిరాజు.

టీలు చల్లారిపోయాయి. గౌరీశు భార్య సూరీడమ్మ అడిగింది.

"అన్నీ బాగున్నాయి మావా. తోలీదెవులు?"

బండిని ఒకరు తోలాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు. స్టీరింగు పట్టిన చెయ్యి ఆ ఊళ్లోనే లేదు.

సూరీడమ్మ కేబిన్‌లోకి ఎక్కి కూర్చుంది. క్లచ్చుకు కాలు అందలేదు. దిగి ఇంట్లోకెళ్లి, గౌరీశు తలగడ తెచ్చి వీపు వెనక పెట్టుకుంది.

"ఇప్పుడు అందతంది," అంది. "ఇంజను ఇప్పండి."