వియన్నాకు మూడు దారులు

చెల్లెలి మొగుడు లాండ్రీ తలుపుకు లోపలినుంచి గడియపెట్టి, ఇస్త్రీ చేస్తున్న ఆమె చేతిని బల్లమీద అదిమి పట్టాడు.

"పక్క దేశానికి, వియన్నాలో మీ తమ్ముడి దగ్గరికేగా నా పెళ్ళాం పారిపోయింది? ఎలా వెళ్ళింది వదినా? దొరికితే కాళ్ళు విరిచి తెచ్చుకుంటా."

"నాకు తెలీదు."

ఇస్త్రీపెట్టె అంచు ఆమె వేళ్ళకు తగిలింది. ఆమె పెదవి కొరుక్కుంది.

"విమానమైతే పాస్‌పోర్టు అడుగుతారు. అది నా జేబులో ఉంది. బస్సా?" అతను నవ్వాడు. "వీధి మలుపు తిరిగేలోపే కక్కే మొహానికి బస్సొకటి! పెళ్ళైన కొత్తలో నా చొక్కా పాడుచేసిందని పళ్ళు రాలగొట్టాను. అప్పట్నుంచీ బస్సంటేనే దానికి వణుకు."

"దాన్ని వదిలెయ్ మరిదీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఈసారి పెట్టె అరచేతిమీద పూర్తిగా వాలింది. చర్మం కాలిన వాసన గదంతా నిండింది.

"రైలు!" అని ఆమె అరిచింది. "సాయంత్రం రైలు!"

అతను ఆమెను గోడకేసి కొట్టి, స్టేషనుకు పరుగెత్తాడు.

ఆమె లేచి, చేతిని కుళాయి కింద పెట్టింది. ఫోను మోగింది.

"అక్కా, మూడో కవరు కూడా నిండిపోయింది. పేగులు బయటికొచ్చేలా ఉన్నాయి. పక్కాయన సీటు మారిపోయాడు."

"కక్కు తల్లీ. వియన్నా దాకా కక్కు."

"ఆయన వచ్చాడా? రైలని చెప్పావా?"

"చెప్పాను. అడగ్గానే చెబితే నమ్మడు కదా, కాస్త ఆగి చెప్పాను."