కాకినాడ మీదికే

“ఎటు వోతాంది సుప్రజా, గా తుఫాను?” మెట్లెక్కుతూనే అడిగింది సుశీల.

“కాకినాడ మీదికే అక్కా. పొద్దుట్నుంచీ మ్యాపులో ఆ గీత పక్కకి జరగట్లేదు,” ఫోన్‌లోంచి తలెత్తకుండా అంది సుప్రజ.

సుప్రజ సుశీల వాళ్ళింట్లో మేడ మీద అద్దెకుంటోంది. శామీర్‌పేటలో మందుల కంపెనీలో ఉద్యోగం. మొగుడు రఘునందన్ కాకినాడ దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, పండక్కో పబ్బానికో వస్తాడు. పోయిన దసరాకు అలా వచ్చిన నాడే కూతురు ధరణి మంచం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. అతని నాలుగు రోజుల సెలవూ ఆస్పత్రికే సరిపోయింది పాపం.

సుశీలకు సముద్రమంటే టీవీలో చూసిందే. అయినా ఆ అయిదేళ్ళ పిల్ల మొహం చూస్తే కడుపు తరుక్కుపోతోంది. తండ్రికేమన్నా అయితే దాని గతేం కాను?

“అన్నం తిన్నవా?”

“సయించట్లేదక్కా. ఒడిశా వైపు తిరిగితే చాలు, తిరుమల మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నా.”

మొగుడంటే ఇంత ప్రాణమా! సుశీలకు ముచ్చటేసింది, కాస్త కుళ్ళు కూడా పుట్టింది. తన మొగుడు మధుసూదన్ ప్లాట్ల బేరాలకని పోయి రెండ్రోజులు రాకపోతే తనకు హాయిగానే ఉంటుంది మరి.

“నేను గూడ మైసమ్మకు కోడిని మొక్కిన. గండం తప్పుతది తియ్యి. పరేషాన్ గాకు.”

ఫోన్ మోగింది. రఘునందనే. ధరణి చటుక్కున సుశీల కొంగు చాటుకు చేరింది.

“మీ నాయిన ఫోనుకు గూడ సిగ్గేనా నీకు?” సుశీల నవ్వింది.

“అవునా... ఎప్పుడు?... వారమా?... సరే.” సుప్రజ ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఏమైందే?”

“ఫ్యాక్టరీ మూసేశారట. వారం సెలవు. బస్సు విజయవాడ దాటిందట. సాయంత్రానికల్లా వచ్చేస్తారు.”

“ఇంకేంది మరి!” సుశీల రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. “తుఫాను ఎటన్న వోనీ, నీ పెనిమిటి సల్లగ ఇంటికొస్తుండు. ఇగ ఏడ్సుడెందుకు పిచ్చిదానా? జల్దీ లేసి మొకం కడుక్కో. కోడికూర నేనే వండి పంపిస్త.”

సుప్రజ కళ్ళు తుడుచుకుంది. ధరణి బట్టలు రెండు జతలు సంచిలో కుక్కి, పిల్ల చెయ్యి తెచ్చి సుశీల చేతిలో పెట్టింది.

“అక్కా, ఆయన వెళ్ళేదాకా దీన్ని మీ ఇంట్లో దాస్తారా?”