ఆవకాయ జాడీ

ఎండలకు మామిడితోటలు మాడిపోయి ఇరవై ఏళ్లయింది. ఊరంతా డబ్బాల్లో వచ్చే పిండిముద్దే తినేది. సూరాలమ్మ మాత్రం ప్రతి ముద్దకూ ఖాళీ ఆవకాయ జాడీ మూత తీసి, వాసన పీల్చి మింగేది. చాదస్తమనుకునేది కోడలు వెన్నెల.

ఆ ఏడు పాతసామానుతో, పుడమికి కీడుచేయని వస్తువులతో ఇల్లు అలంకరించడం అందరికీ మోజైంది. వెన్నెల గోడలకు ఈతచాపలు వేలాడదీసింది. జాడీని కుంకుడురసంతో మూడుసార్లు తోమి, ఎండబెట్టి, తాటాకుపూలు గుచ్చింది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్న సూరాలమ్మ పూలు పక్కనపెట్టి జాడీలోకి వంగింది. ఎంతకీ తలెత్తలేదు.

"ఏంటత్తా, బాలేదా?"

"బాగుందే తల్లీ. తళతళలాడతంది."

వెన్నెల కూడా వంగి పీల్చింది. కుంకుడువాసన. ఆవకాయ వాసన జాడైనా లేదు.

"అత్తా, నేను..."

"పోనీలేవే," అంటూ సూరాలమ్మ, ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కుంది.