చల్లబడిన వీపు

నా పేరు పాంగి సోమెలి. వయసు డెబ్బై దాటింది. ముంచింగిపుట్టు మండలంలోని మా ఇంట్లో ఉండేది నేనూ, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన నా మనవరాలు జమునా. నేను చెబుతుంటే ఆశా కార్యకర్త దెబోరా రాస్తోంది.

పోయిన పండగకి అందరం వరసగా ధింసా నాట్యం ఆడుతూ జమున వీపు చుట్టూ చెయ్యి వేశాను. అందరికీ చెమటలు కారుతున్నాయి, దాని వీపు మాత్రం చల్లగా ఉంది. అడుగు పడక జమున కూలబడింది.

"అలాటి గుంటపిల్ల అలాగే ఉంటాది గదా పెద్దమ్మా," అంది పక్కింటి మాధవి.

"పుట్టుకతో వచ్చింది నాకు తెల్దేటే? ఇది కొత్తగా తగులుకున్న జబ్బు!" అన్నాను.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి రక్తం తీయించాను. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే దాని గొంతులోని థైరాయిడ్ గ్రంథిని తినేస్తోందట, అందుకే ఒళ్ళు చల్లబడి నీరసించిందట. ఇలాంటి పిల్లలకి ఎక్కువగా వస్తుందట. బతికినంత కాలం రోజూ పరగడుపున మాత్ర వేయాలన్నారు. వేస్తున్నాను. ఇప్పుడు జమున మళ్ళీ నాతో పోట్లాడుతోంది.

నాకేమో కడుపులో గడ్డ. కోసినా లాభం లేదన్నారు.

అందుకని రాయిస్తున్నాను. నేను పోయిన మర్నాటి నుంచి జమునకి మాత్ర వేయాల్సింది ఈ కింది సాక్షులే.

దెబోరా చదివి వినిపించగానే మాధవి లేచింది. "సాచ్చికానికనే గదా పిలిసినావు పెద్దమ్మా!"

"కూకో. బేగి సంతకం ఎట్టు," అన్నాను.

పాంగి సోమెలి వేలిముద్ర.
సాక్షులు: దెబోరా, మాధవి.