గడ్డి కుండీ

“మా సిమెంట్ కంపెనీ షేర్లు అమ్మేయమని రాసింది మీరేనా?”

ఆ గొంతు వినగానే ఆమె గుర్తుపట్టింది. తను రాసిన రిపోర్టు వచ్చిన రోజు ఫోన్లో తనను ఉతికి ఆరేసిన గొంతు! డబ్బున్నవాళ్ల సొమ్ము షేర్లలో తిప్పే హెడ్జ్ ఫండ్‌లో ఉద్యోగమని వస్తే, ఎదురుగా కూర్చున్నది ఆ కంపెనీ పెద్దాయన. పంపించిన ఉద్యోగాల ఏజెన్సీవాడు ఈ సంగతి చెప్పి చావలేదు.

“నేనే సార్.”

“ఆ రాతతో నా కంపెనీయే చేతులు మారింది. తెలుసా?”

“తెలుసు సార్. నా కుర్చీ కూడా దాంతోపాటే పోయింది.”

అబద్ధం కాదు. షేర్లు కొనిపెట్టే బ్రోకరేజీ ఆఫీసుల్లో రీసెర్చ్ అంటే సగం భజన. కంపెనీలకు కోపం రాకూడదు. అందుకే అన్నీ ‘కొనండి’, మరీ కుళ్లిపోతే ‘ఉంచుకోండి’. ‘అమ్మేయండి’ అని రాసినందుకు బాసు ఆమెకు ముళ్లకంప అని పేరుపెట్టి మూలకు నెట్టాడు. ఈ ఉద్యోగం రాకపోతే మళ్లీ ఆ భజనలో తాళం వేయాల్సిందే.

పెద్దాయన టేబుల్ మీది కుండీని పక్కకు జరిపాడు. అందులో పువ్వు లేదు, వట్టి గడ్డి. ఏసీ గదిలో గడ్డి పెంచడమేం పిచ్చో!

“పొరపాటు పడ్డానని ఒక్క మాట అనండి. ఉద్యోగం మీదే.”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“అనలేను సార్. ఫ్యాక్టరీ జోరుగా నడుస్తోందని మీవాళ్లు కాగితాల్లో చూపించారు. నేను వెనక గేటుకు వెళ్లాను. సిమెంటు ఎక్కించే రైలు పట్టాల మధ్య మోకాలెత్తు గడ్డి! రోజూ వ్యాగన్లు తిరిగేచోట గడ్డెలా పెరుగుతుంది?”

“అంటే నేను గుడ్డివాణ్ణా?”

“మీరు వెనక గేటుకు వెళ్లి ఉండరు సార్.”

బ్యాగు అందుకుని లేచింది.

“కూర్చో తల్లీ.” ఆ గొంతు మెత్తబడింది. “నిన్ను తిట్టిన మర్నాడే వెళ్లాను. సొంత అల్లుడే నా కళ్లకు గంతలు కట్టాడు. ఇంకొంచెం ఆలస్యమైతే పనివాళ్లకు జీతాలకే దిక్కుండేది కాదు. ఉన్నదున్నట్టు చెప్పి, వచ్చిన ధరకు అమ్మి, అందరికీ ఇవ్వాల్సింది ఇచ్చేశాను. మిగిలినదానితోనే ఈ ఫండ్ పెట్టాను.”

పెద్దాయన కుండీని రెండు చేతులా ఎత్తి ఆమె ముందు పెట్టాడు.

“ఆ పట్టాల మధ్య నుంచి పెకలించి తెచ్చిందే ఇది. ఇన్నాళ్లూ నేనే నీళ్లు పోశాను, ఇక నీ టేబుల్ మీద పెట్టుకో.”